సేపల పచ్చడి కేసులో సాక్షి

కంచరపాలెంలో రైలు పట్టాల పక్క సందు మొదట్లో ఆటో ఆగింది. తల తిప్పేసరికి ఎదురుగా ఆయన. చెక్క ఫ్రేముకు బిగించిన ఫ్లెక్సీలో, మెడలో కంప్యూటరు దండ, అటూ ఇటూ కంప్యూటరు దీపాలు, నెత్తిన ఎర్రటి పెద్ద అక్షరాల్లో ‘అశృ నివాళి’. ఆయన పోయారన్న సంగతి నాకు అలా తెలిసింది. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ముందు వచ్చింది ఏడుపు కాదు, ఒళ్లుమంట. అశ్రువుకు ఉండేది క్రావడి, వట్రుసుడి కాదు. ముప్ఫై ఏళ్లు ఈ ఊరి ఒత్తులన్నీ తన చేత్తో నిలబెట్టిన మనిషిని తప్పొత్తు పెట్టి సాగనంపారు. బతికుంటే నిచ్చెన తెప్పించి, దిద్ది గానీ కదిలేవారు కాదు. ఇప్పుడు ఆ తప్పు కిందే నవ్వుతూ నిలబడాల్సి వచ్చింది పాపం.

ఆయన బోర్డులు రాసే ఆర్టిస్టు. ఆ ఫ్లెక్సీ మీద ఆయన పేరును అంత పెద్ద అక్షరాల్లో చూడడం నాకూ అదే మొదలు, ఎందుకంటే తను రాసిన ఏ బోర్డు మీదా ఆయన తన పేరు వేసుకోలేదు. ఎందుకండీ అని అడిగితే, “నా పేరు సదివి ఎవుడేటి కొంటాడు బాబూ?” అనేవారు. ఆయన వేసుకోని పేరు నేను మాత్రం ఇక్కడ ఎందుకు వేయాలి? బోర్డు కుడివైపు కింది మూలలో రెండు చుక్కలు, వాటి కింద ఒక చిన్న గీత. అదే ఆయన గుర్తు. కంచరపాలెంలో వరస అయినవాళ్లూ కానివాళ్లూ అందరూ ఆయన్ని ఆర్టిస్టు బావ అనే పిలిచేవారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ద్వారకా నగర్‌లో ఒక పెద్ద లాయరు గారి దగ్గర జూనియర్‌ని. జూనియర్ అంటే ఫైళ్లు మోయడం, వాయిదాలు అడగడం, సీనియర్ జోకు పూర్తి కాకముందే నవ్వడం. మా ఆఫీసు బోర్డు రాయడానికి వచ్చినప్పుడు ఆయన పరిచయమయ్యారు. ‘న్యాయవాది’లో యావత్తు వేస్తూ, న్యాయానికి అది ఊతకర్ర లాంటిదనీ, తీసేస్తే పడిపోతుందనీ నాకు వివరించారు. మా సీనియర్ విననట్టు నటించారు.

ఆయనతో రోడ్డు మీద నడవడం పెద్ద శిక్ష. మనం మనుషుల్ని పలకరించినట్టు ఆయన బోర్డుల్ని పలకరించేవారు. ప్రతిదీ పైకి చదవాలి. తప్పు కనిపించిందా, ఇక కాలు కదలదు. కొట్టులోకి వెళ్లి ఫలానా చోట దీర్ఘం పోయిందని యజమానికి చెప్పేవారు. సరుకు అమ్ముడుపోతున్నప్పుడు దీర్ఘంతో ఏం పని అని ఆ యజమాని అడిగేవాడు. సాయంత్రం ఈయన ఆ దారిన పోతూ, సంచిలోంచి రంగు డబ్బా తీసి, ఎవరూ అడక్కుండానే ఆ దీర్ఘం పెట్టి పోయేవారు.

ఈ పట్టుదల వెనక ఒక బెత్తం ఉంది. చిన్నప్పుడు బళ్లో ‘చ’ని ‘స’ అంటున్నాడని మాస్టారు అరచేతులు వాయగొట్టారట. నోరు మాత్రం మారలేదు. “నోటికి స, సేతికి చ,” అని ఆయనే నవ్వుతూ చెప్పేవారు. సీరలు అంటూ చీరలు రాసేవారు, సెప్పులు అంటూ చెప్పులు రాసేవారు. చ రావలసిన చోట నాలుక చివర పళ్ల మధ్య బిగబట్టేవారు. వదిలితే అది భుజం మీదుగా దిగి బ్రష్‌లోకి వచ్చేస్తుందని ఆయన నమ్మకం. రాయడం అయ్యాక నిచ్చెన దిగి, రోడ్డు దాటి, అవతలి గట్టున నిలబడి గట్టిగా ఒకసారి చదివేవారు. నచ్చితే తిరిగొచ్చి, మళ్లీ నిచ్చెనెక్కి, రెండు చుక్కలూ గీతా పెట్టేవారు. ముప్ఫై ఏళ్లలో ఒక్క అక్షరం తప్పు పోలేదన్నది ఆయన ఆస్తి. వేరే ఆస్తి ఏదీ లేదు.

అక్షరాల మీద ఉన్న పట్టింపు అర్థం మీద ఉండేది కాదు. ద్వారకా నగర్‌లో రెండు కోచింగ్ సెంటర్లు ఒకే ర్యాంకు పిల్లని మా పిల్లంటే మా పిల్లని బోర్డు కట్టుకున్నాయి. ఆ పిల్ల బొమ్మ రెండు చోట్లా వేసింది ఈయనే. ఒకచోట రెండు జడలు, ఒకచోట ఒంటి జడ. ఎదురెదురు మిఠాయి కొట్లు రెండింటికీ ‘మాకు బ్రాంచీలు లేవు’ అని ఒకే రోజు రాసి, మధ్యలో టీ తాగారు. ఇది అబద్ధం కాదా అంటే, రాసినవాడికి పాపం లేదనీ, రాయించినవాడికి సిగ్గు లేదనీ, తన పూచీ ఒత్తుల వరకేననీ అనేవారు. లాయర్లం కూడా ఇదే మాట అంటాం, కాకపోతే ఇంగ్లీషులో.

ఇలాంటి మనిషిని ఒక చేప కోర్టుకెక్కించింది.

గాజువాకలో ఒక పచ్చడి కొట్టు ఉండేది. యజమాని గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చినవాడు. భార్య చేతి చేపల పచ్చడికి తోటి ఉద్యోగులు పడి చస్తుంటే, ముందుగా రిటైర్మెంటు తీసుకుని తొంభైల్లో కొట్టు పెట్టాడు. బోర్డు మన ఆర్టిస్టుది. ఆ బోర్డు మీద ‘సేపల పచ్చడి’ అని ఉండేది. పేటకు పేట నవ్వింది, నవ్వుతూనే కొన్నది. నాలుగైదేళ్లలో ఆ మాట సీసాల మీదకీ సంచుల మీదకీ ఎక్కింది. బోర్డు మీది అక్షరాల్నే ఫోటో తీసి లేబుల్ చేయించాడు. గీసిన మనిషిని ఒక్క మాట అడగలేదు. అడిగితే దిద్దుతానంటాడని భయం.

ఆ ‘స’ ఎలా వచ్చింది అని ఎవరైనా అడిగితే ఆర్టిస్టు బావ దగ్గర జవాబు సిద్ధం. ఓనరే అలా రాయమన్నాడు, జనం భాషలో ఉంటే జనానికి నచ్చుతుందన్నాడు. కంచరపాలెం టీకొట్లన్నింటిలోనూ ఆయన ఈ కథే చెప్పారు. అది తిరిగి తిరిగి ఓనరు చెవిన పడింది. అంత తెలివి తనకుందని తెలిసి ఓనరు పొంగిపోయి, ఒప్పేసుకున్నాడు.

ఇలా ఉండగా తగరపువలసలో హైవే పక్కన నూకాలు అనే ఆవిడ పచ్చడి కొట్టు పెట్టింది. భీమిలి వైపు ఒడ్డున ఉండే వేట కుటుంబం. మొగుడు బోటు మీదకు పోతాడు, అతను తెచ్చిన చేపను ఈవిడ ఎండబెట్టీ పచ్చడి పెట్టీ అమ్ముతుంది. బోర్డు రాయడానికి ఆర్టిస్టు గారే వెళ్లారు. బోర్డు మీద ‘చ’ వేస్తారమ్మా అని ఆయన చెబితే ఆవిడ ఒప్పుకోలేదు.

“నా కొట్టుకి నా మాట ఎయ్యి అన్నా. సదువుకున్నోల్ల మాట సదువుకున్నోల్ల కొట్టుకి ఏసుకుంటారు,” అంది.

ఆయన నాలుక వదిలేసి ‘సేపల పచ్చడి’ రాశారు. రోడ్డు దాటి చదివారు. వచ్చి గుర్తు పెట్టారు. బస్సులు ఆగడం మొదలైంది. గాజువాక ఓనరు ఒకరోజు కారు ఆపి, ఆ బోర్డు చూసి, తిన్నగా మా ఆఫీసుకు వచ్చాడు.

“నా మాటండి అది! నేను పుట్టించిన మాటండి!” అన్నాడు.

మా సీనియర్ కళ్లు మెరిశాయి. చేపల పచ్చడి అంటే సరుకు పేరు, దాన్ని ఎవరూ సొంతం చేసుకోలేరు. సేపల పచ్చడి అంటే అలా కాదు. మూడు లావుపాటి నిఘంటువులు కోర్టుకు మోయించారు (మోసింది నేను). మూడింట్లోనూ ‘సేప’ అన్న మాట లేదు, కనక అది మా క్లయింటు బుర్రలోంచి ఊడిపడిన మాట అని వాదించారు. కోర్టుకు కూతవేటు దూరంలో హార్బరు ఉంది. తెల్లారి లేస్తే అక్కడ ఆ మాట తప్ప వేరే మాట వినపడదు. కానీ హార్బరును ఎవరూ సాక్షిగా పిలవలేదు, నిఘంటువుల్ని పిలిచారు. తీర్పు వచ్చేదాకా ఆ మాట వాడకూడదని నూకాలు మీద స్టే వచ్చింది.

మొదటి వాయిదా నాడు కోర్టు బంట్రోతు గుమ్మంలో నిలబడి “సేపల పచ్చడోల్లు రావాలి” అని కేకేశాడు. ఇతని మీద కూడా స్టే తెచ్చుకోవచ్చా అని క్లయింటు నా చెవిలో అడిగాడు. హాస్యానికి కాదు, నిజంగానే అడిగాడు.

స్టే కాగితం అందాక నూకాలు తన బోర్డు మీద గోనెసంచి కప్పింది. అలా ఏడాది. బస్సులు ఆగడం తగ్గింది. గోనె కప్పిన కొట్టంటే ఎవరో పోయారనుకుని డ్రైవర్లు ముందుకు పోయేవారట.

ఇక మాకు కావలసింది సాక్షి. ఆ ‘స’ని యజమానే చెప్పి రాయించాడని, రాసిన మనిషే వచ్చి చెప్పాలి. ఆర్టిస్టు గారిని ఆఫీసుకు పిలిచి అఫిడవిట్ తయారు చేసే పని నాకు పడింది.

ఆయన కుర్చీ అంచున కూర్చున్నారు. ఎప్పుడూ లేనిది, గోడ మీది క్యాలెండరు కూడా పైకి చదవలేదు. “బాబూ, ఆ ‘స’ సంగతి ఏటంటే...” అని మొదలెట్టారు. నేను చెయ్యెత్తి ఆపేశాను. కోర్టులో కథలు అక్కర్లేదనీ, ఊరంతా చెప్పిన మాటే ఇక్కడా చెబితే చాలనీ అన్నాను. ‘యజమాని స్వయంగా ఆలోచించి, స అక్షరంతోనే రాయమని నన్ను ఆదేశించగా, ఆ ప్రకారమే రాసితిని’ అని నేనే ఒక వాక్యం అల్లి, టైపు చేయించి, ముందు పెట్టాను. ‘ఆదేశించగా’ అన్న మాటకు మురిసిపోయాను కూడా. ఆయన కాగితం అంతా రెండుసార్లు చదివారు. మూడు చోట్ల ఒత్తులు దిద్దారు. ఆ వాక్యంలో దిద్దడానికి ఒత్తులేవీ దొరకలేదు. సంతకం చేశారు.

ఒక మాట నా కళ్లముందే ఉంది, నేను అడిగాను కూడా. గాజువాక బోర్డు ఫోటో ఫైల్లో ఉంది. కుడివైపు కింది మూల ఖాళీ. రెండు చుక్కలూ లేవు, గీతా లేదు. అన్ని బోర్డుల మీదా ఉన్న గుర్తు దీని మీద లేదేమండీ అన్నాను. “మర్సిపోనాను,” అన్నారు. మనం మన పేరు మర్చిపోతామా? అబద్ధమని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. ఫైలు మూసేశాను. కేసు గెలిచేలా ఉంది, గెలిచే కేసును జూనియర్లు తవ్వరు.

సాక్ష్యం నాడు నూకాలు వరండాలో గోడకానుకుని కూర్చుంది. ఆయన్ని చూసి లేచింది. తిట్టలేదు, బతిమాలలేదు.

“అన్నా, ఆ గోనె తీసీమంటావా, ఉంచీమంటావా? వానకి తడిసి కంపు కొడతంది,” అంది.

ఆయన తిన్నగా లోపలికి వెళ్లారు. బోనెక్కి ప్రమాణం చేశారు. నూకాలు తరఫు లాయరు ముసలాయన, నెమ్మదస్తుడు. లేచి ఒక్కటే ప్రశ్న వేశారు. గాజువాక బోర్డు మీద ‘స’ రాయమని యజమాని మీతో చెప్పాడా?

అప్పుడు చూశాను. ఆయన నాలుక చివర పళ్ల మధ్యకు వచ్చింది. చ రాయబోయేముందు పెట్టే ముఖమే పెట్టారు. జడ్జిగారు రెండుసార్లు గడియారం చూశారు.

“సెప్పలేదండి,” అన్నారు. “నా తప్పే. నా సెయ్యి జారిపోనాది.”

తర్వాత అంతా బయటికి వచ్చింది. గాజువాక బోర్డు రాసిన రోజు పది గంటలకు కొట్టు ప్రారంభం. హడావిడిగా, ఓనరుతో కబుర్లు చెబుతూ, నాలుక బిగబట్టకుండా రాశారు. రోడ్డు దాటి చదివారు. ఇక్కడే ఉంది తిరకాసు. ఆయన నోటికి ‘చే’ రాసినా ‘సే’యే, ‘సే’ రాసినా ‘సే’యే. అన్ని తప్పుల్నీ పట్టించే పరీక్ష ఈ ఒక్క తప్పునూ పట్టించలేకపోయింది. గుర్తు పెట్టడానికి తిరిగొస్తుంటే ఓనరు పొట్ట పట్టుకుని నవ్వుతూ, “ఏవండీ ఆర్టిస్టు గారూ, మీ నోరు చేతిలోకి దిగిపోయిందండీ,” అన్నాడట. దిద్దుతానంటే, అతిథులు వచ్చేశారు రేపు చూద్దాం అన్నాడు. రేపటికి సరుకు ఖాళీ, ఇక ముట్టుకోవద్దన్నాడు. గుర్తు పెట్టబుద్ధి కాలేదు. ఎవరైనా అడిగితే తప్పు అని చెప్పబుద్ధీ కాలేదు. ఓనరు రాయమన్నాడన్న కథ అలా పుట్టింది. ఆ రోజు ఆఫీసులో ఆయన చెప్పబోతే నేను చెయ్యెత్తి ఆపింది ఈ నిజాన్నే.

జడ్జిగారు అఫిడవిట్ తిరగేశారు. ఇందులో వేరే ఉందే, ఇది ఎవరు రాశారు అని గద్దించారు.

ఆయన తల తిప్పి నావైపు చూశారు. మళ్లీ నాలుక పళ్ల మధ్యకు వెళ్లింది.

“టైపు మిసన్ దొరా,” అన్నారు.

కోర్టు హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, అందరికంటే ముందు. అలవాటు కదా. సంతకం తనదేననీ, తిట్టేదేదో తననే తిట్టమనీ ఆయన అంటే జడ్జిగారు నిజంగానే తిట్టారు. ఇంకెప్పుడైనా ఇలా చేస్తే జైలుకు పంపుతానన్నారు. ఆయన చేతులు కట్టుకుని విన్నారు.

నూకాలు లాయరు మళ్లీ లేచి, మరి ఈవిడ బోర్డు మీదా అదే అక్షరం ఉంది కదా, అదీ తప్పేనా అని అడిగారు. కాదన్నారు ఆయన. ఒకే మాట ఒకచోట తప్పూ ఒకచోట ఒప్పూ ఎలా అవుతుందని జడ్జిగారు కలం కింద పెట్టారు.

“ఆ యమ్మ అన్న మాటే ఆ యమ్మ నెత్తిన రాసినాను. అది రైటు. ఈ బాబు సేపల్ని ఎప్పుడూ సేపలు అనడు దొరా. ఈ బాబు అనని మాట నాను ఈ బాబు నెత్తిన రాసీసేను. అదే తప్పు.”

స్టే పోయింది, కేసూ పోయింది. వేరొకరి చేతి తప్పు మీద వాదికి హక్కు పుట్టదని తీర్పులో ఒక వాక్యం ఉంది. మా సీనియర్ నిఘంటువుల్ని నా చేతే తిరిగి మోయించారు. ఆ సాయంత్రమే నూకాలు గోనెసంచి తీసేసిందని, దాన్ని కొట్టు గుమ్మంలో కాళ్లు తుడుచుకోవడానికి వేసిందని తర్వాత విన్నాను.

తీర్పు కాపీ ఇవ్వడానికి గాజువాక వెళ్తే కొట్టు ముందు నిచ్చెన వేసి ఉంది. పైన ఆయన. కింద ఓనరు, బోర్డు ముట్టుకుంటే ఊరుకోనని అరుస్తున్నాడు. దిద్దను లెండి బాబూ అంటూ ఆయన కుడివైపు కింది మూలలో రెండు చుక్కలు పెట్టారు, వాటి కింద గీత గీశారు. దిగి, గుడ్డతో బ్రష్ తుడుచుకుంటున్నారు. తప్పని ఊరంతా తెలిసిపోయాక ఇప్పుడు గుర్తెందుకండీ అన్నాను.

“తప్పు మీద సంతకం లేకపోతే ఇంకోడు ఎత్తుకుపోతాడు బాబూ. సూసినావు కదా,” అన్నారు.

ఆ తర్వాత ఆయన ఆర్టిస్టు బావగా మిగల్లేదు, సేపల బావ అయ్యారు. పిల్లలు కూడా అలాగే పిలిచేవారు. బాధపడ్డారు, దాచుకోలేదు. వింత ఏమిటంటే గిరాకీ తగ్గలేదు, పెరిగింది. తప్పు పడితే పేరొస్తుందని ఊరికి తెలిసిపోయింది. తమ బోర్డుకూ ఒక మంచి తప్పు పెట్టి రాయమని చెప్పుల కొట్టువాడు, కళ్లద్దాల కొట్టువాడు, చివరికి ఒక ఇంగ్లీషు మీడియం బడి వాళ్లు కూడా వచ్చి అడిగారు. “తప్పు అడిగితే రాదు బాబూ. దానంతట అది రావాల,” అని అందర్నీ పంపేశారు. కొన్నాళ్లకు ఫ్లెక్సీలు వచ్చాయి. ఇక తప్పుల కోసం ఆయన దగ్గరికి వెళ్లాల్సిన పని ఎవరికీ లేకపోయింది. కొన్నాళ్లు గోడల మీద పార్టీల రాతలు రాశారు, తర్వాత అవీ పోయాయి. నేనూ సీనియర్‌ని అయ్యాను, నా జోకులకూ ఒక కుర్రాడు నవ్వుతున్నాడు. ఆయన్ని చూడ్డానికి మాత్రం వెళ్లలేదు. కంచరపాలెం నా ఆఫీసుకు పది నిమిషాల దూరం.

ఆటో దిగి ఫ్లెక్సీ దగ్గరికి నడిచాను. అడుగున ‘తగరపువలస సేపల పచ్చడి’ అని ఉంది. పెట్టించింది నూకాలు. ఆ వట్రుసుడి ఆవిడది కాదు, ఏ ఫ్లెక్సీ షాపు కంప్యూటరుదో. కుడివైపు కింది మూల వంగి చూశాను. ఎవరి గుర్తూ లేదు.

పక్క కొట్లో ఒక మార్కర్ కొని, ‘శృ’ని కొట్టేసి పైన ‘శ్రు’ అని రాశాను. నా దస్తూరీ కుదరలేదు, ఆయన చూస్తే మళ్లీ దిద్దేవారు. తిరిగొచ్చి ఆటో ఎక్కాక గుర్తొచ్చింది, దిద్దాల్సిన తప్పు ఇది కాదని.

‘యజమాని స్వయంగా ఆలోచించి, స అక్షరంతోనే రాయమని నన్ను ఆదేశించగా, ఆ ప్రకారమే రాసితిని.’ ఈ వాక్యం ఆయనది కాదు, టైపు మిషన్‌దీ కాదు. నాది. ఆయన చెప్పబోయిన నిజాన్ని చెయ్యెత్తి ఆపి నేను రాసింది. దాని కింద ఆయన సంతకం ఉంది, తిట్లూ ఆయనే తిన్నారు. ఇదిగో, ఇన్నేళ్లకు, కుడివైపు కింది మూలలో నా గుర్తు పెడుతున్నాను.